బొగ్గుతో గీసిన బొమ్మలు

గడచిన సంవత్సరము మన పాఠశాలలో జరిగిన చిత్రలేఖన ప్రదర్శనమునకు "మా ప్రాంతపు వారసత్వము" అను విషయము నిర్ణయింపబడెను. వచ్చిన చిత్రములను గోడలకు తగిలించు పని నాకప్పగింపబడుటచే వాని నన్నిటిని తీరికగా చూచు భాగ్యము కలిగినది. రుషికొండ తీరము, కొబ్బరిచెట్లు, తొట్లకొండ స్తూపము, బావికొండ, సింహాచల గోపురము, ఇవి మరల మరల కానవచ్చెను. సముద్రములో సగము మునిగిన సూర్యుని గీసి క్రింద "సూర్యాస్తమయము" అని వ్రాసినవారు ముగ్గురు. మన సముద్రమునుండి సూర్యుడు లేచునే కాని దానిలో క్రుంకడని భూగోళోపాధ్యాయుడు నవ్వుచు వారికి జెప్పెను.

చిత్రములు ముచ్చటగనే యున్నవి. కాని వానిలో మనుష్యులు లేరు. మన విద్యార్థుల తండ్రులలో వల వేయువారు కలరు, రేవులో సరుకు దించువారు కలరు, ఉక్కు కర్మాగారమున కొలిమికడ నిలుచువారు కలరు. వారిలో నొక్కరును ఆ గోడల కెక్కలేదు. ఎనిమిదవ తరగతి బాలు నొకనిని పిలిచి, "మీ నాన్నగారు చేయు పనిని నీవేల గీయరాదు?" అని యడిగితిని. వాడు తల వంచుకొని, "మా నాన్న రేవులో బొగ్గు దగ్గర పనిచేస్తారు మాస్టారూ. అది వారసత్వం ఎలా అవుతుంది?" అనెను.

ఆ ప్రశ్నకు తరగతిలో నిలువబడి ఉపన్యాస మిచ్చుటకు నాకు మనసొప్పలేదు. మఱునాడు ఇంటినుండి పదునొకండు చిత్రములు తెచ్చి వానికి జూపితిని. వానిని గూర్చియే ఈ వ్యాసము.

అవి మా పెద్ద మేనమామ గీసినవి. ఆయన 1965 మొదలు 1999 వఱకు ముప్పదినాలుగు సంవత్సరములు సింగరేణి బొగ్గుగనులలో, తొలుత కొత్తగూడెమునను పిమ్మట ఇల్లందునను, పనిచేసెను. మొదట చేసినది "తట్టా చెమ్మస్" పని. తట్ట యనగా మనమెఱిగినదే. చెమ్మస్ అనగా పార. పేలిన బొగ్గును పారతో తట్టకెత్తి, తట్ట నెత్తికెత్తి, ఇనుప టబ్బులో నింపుట. తరువాత కప్పు క్రింద దుంగలు నిలుపు పనికి మారెను. ఆయనకు చిత్రలేఖనము నేర్పినవారెవ్వరును లేరు. పని విరమించిన పిమ్మట, ఊపిరి యెగదన్నుటచే బజారువఱకైనను నడువలేని దినములలో, పాత క్యాలెండరు కాగితముల వెనుకవైపున గీయ నారంభించెను.

తెల్లని కాగితముపై నల్లని బొగ్గుతో గీయుట సులభమని మనకు తోచును. ఆయన అట్లు చేయలేదు. రాక్షసిబొగ్గు కట్టెబొగ్గువలె మెత్తగా గీయదు. గీసినచో పెళ్ళలుగా విఱుగును. దానిని రోటిలో నూరి, గుడ్డతో అద్ది, ముందు కాగితమంతయు నలుపు చేయును. తరువాత వ్రేలితోను తడిగుడ్డతోను అక్కడక్కడ నలుపును తుడిచివేసి, ఆ తుడిచినచోట సుద్దముక్కతో వెలుతురును గీయును. ఇదేమి పద్ధతి మామయ్యా యని నేనడుగగా ఆయన యిచ్చిన ప్రత్యుత్తర మిది: "బాయిల సీకటి ముందుగాల ఉంటది అల్లుడా. మనం పోయినంకనే గదా ఎలుగు."

బాయి అను మాటను గూర్చి ఒక సంగతి చెప్పవలెను. ఆ సీమలో గనిని గని యనరు, బాయి యందురు. నీళ్ళబావికిని బొగ్గుగనికిని ఒకటే మాట. "బాయికి పోయిండు" అన్నచో పనిలోనికి దిగెనని యర్థము. సేద్యగాండ్రు గనిలోనికి దిగినప్పుడు తమ పాత మాటనే వెంట దీసికొనిపోయిరని నా యూహ. ఇట్టి మాటలు నిఘంటువులో వెదకిన దొరకవు. వేసవి సెలవులలో ఆ వైపు బంధువుల యిండ్లకు పోవు విద్యార్థులు చెవి యొగ్గి వినిన చాలును.

సింగరేణి కథ యిచ్చట క్లుప్తముగా చెప్పుదును. భద్రాచలయాత్రకు పోవు జనులు దారిలో వంట చేసికొనుటకు నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చగా, కట్టెలతోపాటు రాళ్ళును మండెనని ఇల్లందు పెద్దలు చెప్పుకొందురు. గ్రంథస్థమైన సంగతి యేమనగా, భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ 1871లో ఇల్లందు సమీపమున బొగ్గు కనుగొనెను. అచ్చటి బొగ్గుపొరలలో నొకదానికి ఆయన పేరిటనే "కింగ్ పొర" యని పేరు. ఇది రాజుగారి పేరనుకొని తరువాత మఱియొక పొరకు "క్వీన్" అని పేరుపెట్టిరి కాబోలునని మా మేనమామ హాస్యమాడెడివాడు. 1886లో ఇంగ్లండునందు నెలకొల్పబడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1889లో బొగ్గు తీయుట మొదలయ్యెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. సింగరేణి యనునది ఇల్లందు చెంతనున్న చిన్న గ్రామము. ఆ పల్లె పేరు నేడు గోదావరి పొడవునను, ఉత్తరమున ఆసిఫాబాదు సీమవఱకును చెల్లుచున్నది. 1990 ప్రాంతమున లక్షకు మించిన పనివారుండగా నేడు నలువదివేల లోపరిగానో కొంచెము హెచ్చుగానో యున్నారు. యంత్రములు వచ్చినవి, పైకప్పు తీసివేసి త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు హెచ్చినవి. తట్టా చెమ్మస్ పని దాదాపుగా అంతరించినది. ఆ పని పోయినందుకు విచారింపనక్కఱలేదు. మనుష్యుల మెడలు విఱిచిన పని యది. పోగూడనిది దానిని చేసినవారి జ్ఞాపకము.

ఇక చిత్రములు. మొదటి దానిలో దీపముల గది: వరుసగా వ్రేలాడు టోపీదీపములు, వాని క్రింద అంకెలు. రెండవదానిలో టబ్బులు వరుసగట్టి వాలులో నెక్కుచున్నవి. మూడవదానిని మా పిల్లలందఱును తలక్రిందుగా పట్టుకొనిరి. దానిలో కాగితమునకు ముప్పాతిక వంతు కప్పే యాక్రమించినది. మనుష్యులు అడుగున రెండంగుళముల యెత్తున వంగియున్నారు. మనము ఆకాశమునకెంత చోటిత్తుమో ఆయన కప్పుకంత చోటిచ్చెను. అంతకంటె వింత యేమనగా, ఆ మనుష్యుల కన్నులు చుక్కలంత మాత్రమే యుండగా చెవులు అరచేతులంత యున్నవి.

దీని యర్థము గనిపని యెఱుగనివారికి తెలియదు. కప్పు గట్టిగనున్నదో లేదో తెలిసికొనుటకు దానిని కఱ్ఱతోనో ఇనుపకడ్డీతోనో తట్టి చూతురు. గట్టిదైనచో గంటవలె ఖణీలుమనును. పైపొర విడినచో బోలుకుండవలె డొల్లధ్వని వచ్చును. దుంగల కుపయోగించు కఱ్ఱయు పనికి వచ్చును. బరువు దిగునప్పుడు అది ముందుగా చిటపటలాడును, పాఱిపొమ్మని చెప్పినట్లు. ఇనుపకమ్మిలో నా గుణము తక్కువయని మామయ్య ఫిర్యాదు. "కన్ను దేనికి పనికొస్తది సీకట్ల? చెవే మనిషిని ఇంటికి తోల్కొస్తది" అనెడివాడు. చిత్రకళాశాలలో శరీర ప్రమాణములు నేర్చినవాడెవడును అట్టి చెవులు గీయడు. నేర్చుకొనకుండుట ఆయనకు మేలే చేసినది.

ఏడవ చిత్రములో మనుష్యులే లేరు. నల్లని కాగితముపై 17 తెల్లని చుక్కలు, అంతే. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది మరణించిరి. ఆ వార్త వినిన వారములో గీసినదది. ఆ యేడే అక్టోబరు 16న 8ఏ గనిలో కప్పు కూలి మఱి పదిమంది పోయిరి. దానికి వేఱుగా చిత్రము లేదు. ఏల గీయలేదని నేనడుగలేదు. ఆ కాలమున ఆయన కొన్ని నెలలు బొగ్గు ముట్టలేదని మా అత్తయ్య చెప్పెను.

గనిపట్టణములందు కళ లేదని యెవ్వరును తలపరాదు. కూడళ్ళలో టోపీయు దీపమును ధరించిన కార్మికుని విగ్రహములు నిలిపిరి. డిసెంబరు 23ను సింగరేణి దినోత్సవముగా జరుపుదురు. మా మేనమామ ఒక విగ్రహము నెదుట చాలసేపు నిలిచి, "మంచిగనే ఉంది. కాని పని జేసినోని ఈపు గంత నిటారుగ ఉండదు" అనెను. పాటల సంగతి చెప్పనే యక్కఱలేదు. 2011 సెప్టెంబరు 13న మొదలై నెలకు మించి సాగిన సమ్మెలో బాయిల ద్వారములకడ పగలు రాత్రి పాటలు మ్రోగెను. కథలును గలవు. సింగరేణిలో పనిచేసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు గనివారి జీవితమును గూర్చి వ్రాసిన కథలు పెద్దతరగతులవారు తప్పక చదువదగినవి. పాట గుంపుది, విగ్రహము కూడలిది. ఒక మనిషి తన కన్నుతో, తన చెవితో తెలిసికొనినదానిని ఒంటరిగా గీసి పెట్టిన వస్తువు అరుదు. అందుచేత నాకు ఈ మాసిన కాగితములపై నింత మక్కువ.

సరిగా ఇట్టిదే ఇంగ్లండు ఉత్తరభాగమునందు జరిగినది. నార్తంబర్లాండు మండలములో యాషింగ్టన్ అను బొగ్గుగనుల ఊరు కలదు. 1934లో అచ్చటి గనివారు కొందఱు, చిత్రములను చూచి యర్థము చేసికొనుట నేర్పుడని కార్మిక విద్యాసంఘము ద్వారా ఒక బోధకుని పిలిపించుకొనిరి. న్యూకాసిలు కళాశాలయందు చిత్రలేఖనము బోధించు రాబర్టు లయన్ వచ్చి మాయాదీపముతో ఇటలీ చిత్రకారుల పటములు తెఱపై చూపెను. వారికి రుచింపలేదు. తెలివిగల ఉపాధ్యాయుడు గనుక ఆయన పాఠము మార్చెను. "మీరే గీయుడు, గీసినచో చూచుట యదే వచ్చును" అన్నట్లుగా ప్రతివారము ఒక విషయమిచ్చి, ఇంటికడ గీసికొనిరమ్మని, తెచ్చినవానిని అందఱును కలిసి విమర్శించు నేర్పాటు చేసెను. ఖరీదైన గుడ్డయు రంగులును లేక, చెక్కపలకలమీద, ఇంటిగోడలకు వేయు రంగులతో గీసిరి. గనిలో పని, పావురములు, కుక్కలు, వారాంతపు స్నానము, తోటలోని కూరగాయలు, తమ కెదురైనదెల్ల గీసిరి. వారిలో ఆలివర్ కిల్బర్న్ అను నాతడు పదుమూడవ యేటనే గనిలో చేరినవాడు. అతడు తన బ్రదుకంతయు ఒక చిత్రమాలగా గీసెను. ఆ సంఘము 1984 వఱకు నిలిచెను. 1981లో మూతపడిన వుడ్‌హార్న్ గనిచోటనే నేడొక ప్రదర్శనశాలలో ఆ చిత్రములు భద్రముగా నున్నవి. వారిని గూర్చి లీ హాల్ వ్రాసిన నాటకము 2007లో ప్రదర్శింపబడి దేశదేశములలో పేరు పొందెను.

బోధనాభ్యసన కళాశాలలో మాకు "తెలిసినదానినుండి తెలియనిదానికి" అని నేర్పుదురు. లయన్ ఆ సూత్రమును మొదటి మాసములో మఱచి, రెండవ మాసములో జ్ఞాపకము చేసికొనెను. ఉపాధ్యాయులకు ఇంతకంటె ఉపయోగకరమైన వృత్తాంతము నాకు తెలియదు. కాని ఒక భేదము. యాషింగ్టన్ వారికొక గుడిసె యుండెను, వారమున కొకనాడు కూడుకొను మిత్రులుండిరి, పట్టణమునుండి వచ్చు బోధకుడుండెను. మా మేనమామకు పొయ్యిగదిలో ఒక పీట యుండెను.

ఆయన క్రైస్తవ విశ్వాసి. బొగ్గుశాఖ రైలుమార్గము విడిపోవు డోర్నకల్లు కూడలిలో మన తెలుగు క్రైస్తవులు గర్వింపదగిన దేవాలయము కలదు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులైన వి. యస్. అజరయ్యగారి కాలమున కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడినది. పడమటిదేశపు నమూనాను ఎత్తి తెచ్చి పెట్టక, మసీదు గుమ్మటములను, దేవళముల స్తంభముల రీతిని, క్రైస్తవ చిహ్నములను కలిపి కట్టించిరి. ప్రతి యేటను మామయ్య ఆ స్తంభముల నీడలో కూర్చుండుటకు పోయెడివాడు. యోబు గ్రంథము ఇరువదియెనిమిదవ అధ్యాయ మాయనకు కంఠపాఠము. మనుష్యులు నడచు దారికి దూరముగా, కటిక చీకటిలో నరులు లోహములు వెదకు విధము అందు వర్ణింపబడినదని విద్యార్థు లెఱుగుదురు. "గది రాసినోడు బాయిల దిగినోడే" యని ఆయన నిశ్చయము. వేదపండితు లేమందురో నాకు తెలియదు. నేను మామయ్య పక్షము.

మన ప్రాంతమునకును గనులకును సంబంధము లేదని విద్యార్థులు తలపరాదు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో ఆరంభమైనది పూర్వపు విశాఖపట్టణ మండలముననే. చీపురుపల్లి, గరివిడి వైపున కోడూరు గని యున్నది. ఆ యూరి పేరిటనే "కోడూరైటు" అను శిలకు నామకరణము చేసి, ఫెర్మర్ అను శాస్త్రజ్ఞుడు 1909లో ప్రకటించిన గొప్ప గ్రంథమున వివరించెను. 1933లో తెఱచిన మన రేవుకూడ మధ్యపరగణాల మాంగనీసు నెగుమతి చేయు నుద్దేశముతోనే ముఖ్యముగా కట్టబడినది. పిమ్మట బైలడిల్ల ఇనుపరాయి కొత్తవలస రైలుదారిన కొండలు దిగి వచ్చెను. రుషికొండనుండి భీమునిపట్టణము వఱకు తీరపుటిసుకలో అలలు గీసిపోవు నల్లచారలును ఖనిజములే. తప్పెటగుళ్ళవారు, జముకులకథవారు మన వైపున ఎన్ని గాథలనో పాడుదురు. గరివిడి గనిలో దిగినవానిమీద ఒక్క పాటయైనను నా చెవి బడలేదు. మన వసతిగృహమున ఆ వైపు పిల్లలు తొమ్మండుగు రున్నారు. సెలవులకు పోయినప్పుడు తాతలను అడిగి రమ్మని వారికి చెప్పియున్నాను. ఇద్దఱు అప్పుడే నోటుపుస్తకములు కొనిరి.

చిత్రములు నా చేతికి వచ్చిన విధము చెప్పవలెను. మామయ్య మరణించిన యేడు, క్రిస్మసునకు ముందు ఇంటికి సున్నము వేయునప్పుడు, పాత కాగితములవాని కిచ్చుటకు కట్టిన కట్టలో ఇవియు చేరెను. ఇంటివారి తప్పేమియు లేదు. ముట్టినచో చేయి నల్లనగును, వెనుకవైపు తేదీలు, అవి బొమ్మలని యెవరికి తోచును? నేను పోవునప్పటికి కట్ట గుమ్మముకడ నున్నది. ఎన్ని పోయినవో తెలియదు, పదునొకండు మిగిలెను.

ఇప్పుడొక చిక్కు. ఆ బొగ్గుపొడిని కాగితమునకు పట్టియుంచునది యేదియు లేదు. ఎత్తినప్పుడెల్ల కొంత రాలుచున్నది. చూచినవారి వ్రేళ్ళకు కొంత అంటుకొనిపోవుచున్నది. అద్దముల చట్రములలో బిగించి బీరువాలో నుంచుడని చిత్రలేఖనోపాధ్యాయుని సలహా. అప్పుడు తరతరములు నిలుచును. అట్లయిన ఎవ్వరును చూడరని నా వాదము. చివరకు ప్రధానోపాధ్యాయులవారు చట్రములకు వ్యయ మంగీకరించి, బీరువాకు మాఱుగా చిత్రలేఖనపు గది గోడకు తగిలింపుడని సెలవిచ్చిరి. నాకును తృప్తియే.

రేవుబాలుడు ఆ చిత్రములను చూచి ఏమియు మాటలాడలేదు. పదిదినముల పిమ్మట ఒక కాగితము తెచ్చి నా బల్లమీద పెట్టి పోయెను. బొమ్మ బాగుగా లేదు. క్రేను మనిషికంటె చిన్నది. ఓడ పడవవలె నున్నది. కాని ముక్కును నోటిని కప్పి తండ్రి చుట్టుకొనిన తువాలు మాత్రము, ఏ మడత ఎటు దోపవలెనో తెలిసినవాడు గీసినట్లున్నది. దానిని మూడవ చిత్రము ప్రక్కన తగిలించితిని.

పదునొకండవ చిత్రమును గూర్చి చెప్పి ముగింతును. ఆరుగురు గనివారు నేలపై కూర్చుండి గిన్నెలు విప్పి అన్నము తినుచున్నారు. నడుమ దీపము. ముఖములు సరిగా తెలియవు. మామయ్యకు ముఖములు గీయుట రాదు. దానికి బదులు ఒక్కొక్కని టోపీమీద చిన్న గుండ్రము గీసి అందులో వాని దీపపు అంకె వేసెను. ఐదు గుండ్రములలో అంకెలున్నవి. ఆ అంకెలను చూపి పేరుపేరున ఎవరు ఎవరో, ఏ యూరివారో, ఎవరికి పచ్చిపులుసు ఇష్టమో చెప్పెడివాడు. ఆఱవ గుండ్రము ఖాళీగా నున్నది. అదేమి మామయ్యా, మఱచితివా యని యడిగితిని.

"వాడు బదిలీ ఫిల్లరు. నెల్నాళ్ళు మాతోని దిన్నడు, ఇంకో బాయికి పోయిండు. వాని నంబరు యాదికి రాలే. వేరేటోని నంబరు వేస్తే తప్పు గాదా?" అని, సుద్దముక్కను చేతబట్టుకొని కొంతసేపు ఆలోచించి, మరల డబ్బాలో వేసికొనెను.